వనపర్తి లాంటి చిన్న పట్టణంలో నర్సింగ్ చదివినవారికి అక్కడే మంచి ఉద్యోగం దొరుకుతుందా?

కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. మాది పెబ్బేరు దగ్గర ఒక పల్లె. మా చెల్లెలు ఈ ఏడాది బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. నర్సింగ్ తప్ప మరొకటి చదవనని భీష్మించుకుని కూర్చుంది. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు గానీ, చదువయ్యాక హైదరాబాదులో హాస్టళ్ల చుట్టూ తిరగకుండా వనపర్తిలోనో, మహా అయితే మహబూబ్‌నగర్‌లోనో స్థిరపడే వీలుంటేనే చేర్పిస్తానని మా నాన్న అంటున్నారు. 2022లో వనపర్తికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక పట్టణంలో ఆసుపత్రుల సందడి పెరిగిన మాట నిజమే. ఏ నర్సింగ్ హోము మెట్లెక్కినా ‘స్టాఫ్ నర్సులు కావలెను’ అన్న కాగితం కనిపిస్తోంది. అయితే జీతం ఎంతని అడిగితే పదో పన్నెండో వేలని చెప్పి ఊరుకుంటున్నారు. మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మేలా, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ మేలా, చిన్న పట్టణంలో ఉంటూనే ఈ వృత్తిలో పైకి రావడానికి దారి ఉందా అన్న సంగతులు ఈ రంగంలో పనిచేస్తున్నవారు చెబితే మా నాన్నకు చదివి వినిపిస్తాను.

పాఠాల టీచరు

నేను ఒక నర్సింగ్ కళాశాలలో ట్యూటర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి మొదట చదువు సంగతి చెబుతాను. జీఎన్ఎంలో ఇంటర్ ఏ గ్రూపు వారైనా 40 శాతం మార్కులతో చేరవచ్చు. బీఎస్సీ నర్సింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలలో 45 శాతం మార్కులు ఉండాలి, తెలంగాణలో కన్వీనర్ కోటా సీట్లను కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎప్‌సెట్ ఆధారంగా భర్తీ చేస్తోంది. రెండు కోర్సులు చదివినవారూ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్సుగా, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్‌గానే (కాన్పులు చేసే అర్హత ఉన్నవారిగా) నమోదవుతారు. రాష్ట్ర ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు ఇద్దరూ అర్హులే, జీతం కూడా ఒకటే. తేడా ఆ తరువాతి మెట్ల దగ్గర వస్తుంది. పల్లె దవాఖానాల (ఊళ్లలోని చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల) ఉద్యోగాలకు, బోధనకు, ఎమ్మెస్సీకి, కొన్ని విదేశీ అవకాశాలకు బీఎస్సీ ఉంటే దారి సుగమం అవుతుంది. జీఎన్ఎం చదివినవారు తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి ఆ లోటు పూడ్చుకోవచ్చు గానీ, అప్పటికి ఉద్యోగమో, పెళ్లో, పిల్లలో అడ్డం పడి చాలామంది ఆ ఆలోచన మానుకుంటారు. ఆర్థికంగా తట్టుకోగలిగితే బీఎస్సీలోనే చేర్పించమని నా సలహా.

కోర్సు ఎంత ముఖ్యమో కళాశాల ఎంపిక కూడా అంతే ముఖ్యం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం నర్సింగ్ కళాశాలకు వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. ఆ ఆసుపత్రి బోర్డు మీద మాత్రమే ఉండి, వార్డుల్లో రోగులే లేని చోట నాలుగేళ్లు గడిపిన పిల్లకు డిగ్రీ చేతికొచ్చినా నరంలోకి క్యాన్యులా (సన్నని గొట్టం) పెట్టడం రాదు. తరగతులకు రాకపోయినా ఫరవాలేదని చెప్పే కళాశాలలను, అవి ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, దూరంగా పెట్టండి.

తెల్లకోటు

కృష్ణాతీరం గారూ, గోడ మీద ఎప్పుడూ అంటించి ఉండే ఆ కాగితాన్ని చూసి ఉద్యోగాలు పుష్కలంగా ఉన్నాయని అనుకోకండి. చేరినవారెవరూ అక్కడ నిలబడరు కాబట్టే ఆ కాగితం తీయరు.

జీఎన్ఎం అయ్యాక నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఒక చిన్న నర్సింగ్ హోములో పనిచేశాను. రాత్రి డ్యూటీ ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా ఉండేది. రెండు అంతస్తులకూ కలిపి నేనూ, ఒక ఆయమ్మా తప్ప మరెవరూ ఉండేవారు కాదు. డెంగీతో చేరిన పిల్లవాడి డ్రిప్ చుక్కలు సరిచేసి కిందికి దిగేలోగా సిజేరియన్ అయిన అమ్మాయి మూత్రం సంచి నిండిపోయి ఉండేది. ఆక్సిజన్ సిలిండర్ అయిపోతే పానా పట్టి కొత్తదాన్ని బిగించవలసింది కూడా నేనే. తెల్లవారుజామున నాలుగింటికి టెంపరేచరు, పల్సు, బీపీ చార్టులన్నీ నింపాలి. ఆ ఆసుపత్రిలో నాతో సమానంగా ‘సిస్టర్’ అని పిలిపించుకునే ఇద్దరు అమ్మాయిలకు నర్సింగ్ చదువే లేదు. పని చూసి నేర్చుకున్నవాళ్లు, చేతి పనిలో చురుకే, కానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు ఎందుకు తగ్గించారని అడిగితే చెప్పలేరు. నాకిచ్చే జీతం వాళ్ల జీతం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఇవన్నీ భరించవచ్చు, నేర్చుకునే వయసు కదా అనుకోవచ్చు. నన్ను అసలు దెబ్బ తీసింది వేరొకటి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల ఉమ్మడి పరీక్ష నార్సెట్‌కు దరఖాస్తు చేద్దామని కూర్చుంటే, జీఎన్ఎం చదివినవారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలన్న నిబంధన ఎదురైంది. మా నర్సింగ్ హోముకు 50 పడకలు లేవు. అక్కడ నేను కాసిన రాత్రులేవీ ఆ దరఖాస్తులో పనికి రాలేదు. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవడానికి మా నాన్న పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లవలసి వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, అలాంటివి ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి.

పాత హెడ్‌నర్సు

అమ్మా తెల్లకోటూ, నువ్వు చెప్పినదే ఈ చర్చకు అసలు కీలకం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసిన నాకు తెలిసినంతలో, చిన్న పట్టణంలో నర్సుకు పని దొరకకపోవడమన్నది లేదు. దొరికిన పని రేపు లెక్కలోకి వస్తుందా రాదా అన్నదే చూసుకోవాలి. పడకల సంఖ్య, నియామక పత్రం, పీఎఫ్ ఖాతా, సర్వీసు సర్టిఫికెట్ అనేవి ఇరవై రెండేళ్ల పిల్లకు చిన్న విషయాలుగా తోస్తాయి, ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాక అవే ఆమె దారిని నిర్ణయిస్తాయి.

బీఎస్సీ చదివినవారికి నార్సెట్‌లో ఆ 50 పడకల అనుభవ నిబంధన వర్తించదు. డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. పాఠాల టీచరు గారు బీఎస్సీ వైపు మొగ్గడానికి ఇది కూడా ఒక బలమైన కారణమే. అయితే ఆ పరీక్షకు సాధారణ గరిష్ఠ వయసు 30 ఏళ్లు మాత్రమే కాబట్టి, తరువాత రాద్దాం లెమ్మని వాయిదా వేసేవారికి తలుపు త్వరగా మూసుకుంటుంది.

ముప్ఫై పడకలు

నేను ఒక పట్టణంలో ముప్ఫై పడకల ఆసుపత్రి నడుపుతున్న వైద్యుణ్ని. యజమానులందరినీ ఒకే గాటన కట్టవద్దని మనవి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ మా వైపు లెక్క కూడా వినండి. ఆరోగ్యశ్రీ బిల్లులు చేతికి రావడానికి నెలలు పడుతుంది, హైదరాబాదు నుంచి వచ్చే సర్జనుకు ఆ రోజే డబ్బు ఇవ్వాలి, రోగిని పంపిన ఆర్ఎంపీ కూడా తన వాటా కోసం ఎదురుచూస్తుంటాడు (దీని గురించి ఎవరూ బహిరంగంగా మాట్లాడరు గానీ, చిన్న పట్టణపు ఆసుపత్రి ఆర్థికమంతా దాని చుట్టూనే తిరుగుతుంది). ఇవన్నీ పోగా మిగిలినదాంట్లోంచే నర్సుల జీతాలు రావాలి.

పైగా మేము నేర్పిన అమ్మాయి చేయి తిరిగాక, ప్రభుత్వ నోటిఫికేషన్ రాగానే వెళ్లిపోతుంది. 2024 జనవరి 31న హైదరాబాదు ఎల్‌బీ స్టేడియంలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా ఒకేసారి 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. మంచిదే, ప్రభుత్వ ఆసుపత్రులకు వారు కావాలి. ఆ వారంలో మా లేబర్ రూమును ఎలా నడిపామో మాకే తెలుసు. ఇప్పుడు నేను చదువుకున్న నర్సుకు 16 వేలు, గది, రెండు పూటల భోజనం ఇస్తున్నాను. అయినా ఏడాది నిండా ఉండేవారు అరుదు.

పాత హెడ్‌నర్సు

డాక్టరు గారూ, మీ ఇబ్బందిని కాదనను. అయినా ఒక సంగతి గుర్తుచేయాలి. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పును అనుసరించి కేంద్రం ఒక కమిటీని నియమించింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలనీ, 100 పడకలు దాటినచోట ఆ జీతానికి 10 శాతానికి మించి తగ్గకూడదనీ, 50 నుంచి 100 పడకల వరకు ఉన్నచోట 25 శాతానికి మించి తగ్గకూడదనీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లోనైనా నెలకు 20 వేల రూపాయలకు తక్కువ ఉండకూడదనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. ఇది 2016 నాటి మాట. ఈ సిఫారసులను అమలు చేయవలసింది రాష్ట్రాలు కాబట్టి అవి మార్గదర్శకాలుగానే మిగిలిపోయాయి గానీ, కేరళ మాత్రం 2018లో కనీస వేతనాన్ని సవరించి 20 వేలకు తెచ్చింది. అక్కడి నర్సులు రోడ్డెక్కి సాధించుకున్నది అది. మన దగ్గర నర్సుకు ఎంత ఇవ్వాలన్నది ఇప్పటికీ యజమాని దయాధర్మం మీదే ఆధారపడి ఉంది.

మరొక మాట. పది మంది పైబడి పనిచేసేచోట ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), ఇరవై మంది పైబడినచోట పీఎఫ్ ఉండాలి. పీఎఫ్ అంటే ముసలితనంలో వచ్చే డబ్బు అనే అనుకుంటారు గానీ, నర్సుకు అది సర్వీసుకు సాక్ష్యం కూడా. రేపు యజమాని సర్టిఫికెట్ ఇవ్వనని మొండికేసినా, ఏ నెలలో చేరి ఏ నెలదాకా పనిచేసిందో ఆ ఖాతా చెబుతుంది.

ముప్ఫై పడకలు

పీఎఫ్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. మా ఆసుపత్రిలో అది ఉంది. 20 వేల విషయంలో మాత్రం, రోగి దగ్గర తీసుకునే రుసుము పట్టణాన్ని బట్టి ఉంటుందనీ, హైదరాబాదు లెక్కను వనపర్తికో గద్వాలకో అంటగట్టలేమనీ నా అభిప్రాయం. ఆ తేడాను ఆ కమిటీ పట్టించుకోలేదు.

తెల్లకోటు

పడకల సంఖ్యను బట్టి నాలుగు మెట్లు పెట్టినవారు ఆ తేడాను పట్టించుకోలేదని ఎలా అంటారు సార్?

నల్లమల

నేను ఆంధ్రప్రదేశ్‌లో శ్రీశైలం అడవికి ఇవతల, ఆత్మకూరు వైపు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఊళ్లోనే ఉండి పనిచేయాలనుకునే బీఎస్సీ నర్సుకు ఇంతకన్నా దగ్గరి దారి మరొకటి లేదు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలైనప్పుడు పుట్టిన ఉద్యోగం ఇది. ముప్ఫై దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు చేయడం, మందులు ఇవ్వడం, గర్భిణుల వివరాలు చూసుకోవడం, అవసరమైతే ఈ-సంజీవని (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) ద్వారా వైద్యుడితో మాట్లాడించడం మా పని. రాత్రి డ్యూటీలు లేవు. ఊరి జనం నన్ను ‘డాక్టరమ్మా’ అని పిలుస్తారు, కాదని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

అయితే లోపాలు కూడా చెప్పాలి. రోగిని చూసే సమయం కన్నా యాప్‌లో వివరాలు నింపే సమయమే ఎక్కువ. సిగ్నలు లేని ఊళ్లో మిట్టమధ్యాహ్నం ట్యాబ్ పట్టుకుని మేడ ఎక్కవలసి వస్తుంది. ఉద్యోగం కాంట్రాక్టు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం నెలకు 25 వేలు, పనితీరును బట్టి 15 వేల దాకా ప్రోత్సాహకం అని ఉంటుంది గానీ, ఆ రెండో భాగం సమయానికి రాదు. 2025లో మా రాష్ట్రంలో సీహెచ్‌ఓలందరూ సమ్మెకు దిగింది క్రమబద్ధీకరణ కోసం, ఈ బకాయిల కోసం. తెలంగాణలో 2022లో పల్లె దవాఖానాలకు 1,569 పోస్టులు ప్రకటించినప్పుడు నర్సింగ్ చదివినవారికి 29,900 రూపాయలు ఇస్తామన్నారు. ఎంబీబీఎస్, ఆయుర్వేద వైద్యులకు మొదటి ప్రాధాన్యం, ఆ తరువాతే నర్సులు. ఆ సంగతి కూడా దృష్టిలో పెట్టుకోండి.

బ్రదర్

మగవారి మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. నేను బీఎస్సీ నర్సింగ్ చదివాను. చిన్న నర్సింగ్ హోముల్లో చాలా వరకు కాన్పుల మీద నడిచేవే కావడంతో మగ నర్సును చూడగానే తల అడ్డంగా ఊపుతారు. నార్సెట్‌లో కూడా 80 శాతం పోస్టులు మహిళలకే. మాకు దొరికేవి ఐసీయూ, ఆపరేషన్ థియేటరు, డయాలసిస్, క్యాజువాలిటీ. ఆ పోస్టులు ఎక్కువగా ఉండేది పెద్ద ఆసుపత్రుల్లోనే, కాబట్టి చిన్న పట్టణంలో మా పరిస్థితి ఆడపిల్లల కన్నా కష్టం. వైద్య కళాశాల వచ్చిన జిల్లా కేంద్రాల్లో ఇది కొంత మారుతోంది. రైల్వే వారు 2024లో 713 నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టులు ప్రకటించారు, వాటి మూల వేతనం 44,900 రూపాయలు. నాలాంటివారు కళ్లు పెట్టుకోవలసింది అలాంటి వాటి మీదే. వార్డులో అందరూ నన్ను బ్రదర్ అని పిలుస్తారు, అదే ఇక్కడ పేరుగా పెట్టుకున్నాను.

పాత హెడ్‌నర్సు

కృష్ణాతీరం గారు అడిగినట్టు ఊరికి దగ్గరలో స్థిరపడాలంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం సంగతి కూడా తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. తెలంగాణలో స్టాఫ్ నర్సు నియామకాలు 2017లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా, తరువాత 2022 డిసెంబరులోనూ 2024 సెప్టెంబరులోనూ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు ద్వారా వెలువడ్డాయి. 2024 నాటి నోటిఫికేషన్‌లో 2,050 పోస్టులు, వేతన శ్రేణి 36,750 నుంచి 1,06,990, గరిష్ఠ వయసు 46. నోటిఫికేషన్లు ఏటా రావు. 2017కూ 2022కూ మధ్య చదువు ముగించినవారు ఐదేళ్లు ఏం చేశారో ఆలోచించండి. ఆ ఖాళీ కాలాన్ని ఎక్కడ గడపాలన్నది ముందే తేల్చుకోవాలి.

ఎందుకంటే ఆ ఎంపికలో వంద మార్కులుంటే 80 రాత పరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు 2.5 పాయింట్లు, మిగతాచోట్ల 2 పాయింట్లు. అంటే గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు, ఇతర చోట్ల ఐదేళ్లు పనిచేసినవారికి మొత్తం 20 వస్తాయి. ప్రైవేటు నర్సింగ్ హోములో పదేళ్లు చాకిరీ చేసినా ఇందులో ఒక్క పాయింటు రాదు. ఒకటి రెండు మార్కుల దగ్గర వందలమంది పోటీ పడే పరీక్షలో ఇది చిన్న విషయం కాదు.

ఇక స్థానికత. ఇవి జోనల్ పోస్టులు, 95 శాతం స్థానికులకే. వనపర్తి జోగులాంబ జోన్‌లోకి వస్తుంది. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలు కూడా అందులోవే. అంటే ఎంపికైతే ఈ ఐదు జిల్లాల్లో ఎక్కడో ఒకచోట వేస్తారు. మీ నాన్నగారి షరతుకు ఇంతకన్నా దగ్గరగా వచ్చే ఉద్యోగం మరొకటి కనిపించదు.

అవుట్‌సోర్సింగ్ అనగానే కొందరు ముఖం చిట్లిస్తారు. జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది, అప్పుడప్పుడు మూడు నెలలకొకసారి వస్తుంది, చేర్పిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులూ ఉన్నారు. డబ్బు అడిగినవారి గడప తొక్కవద్దు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఇచ్చే ప్రకటనలు జిల్లా వెబ్‌సైటులోనే ఉంటాయి, వాటిని చూసి మెరిట్ జాబితా ద్వారానే వెళ్లాలి. ఇది కాక గురుకులాల్లో స్టాఫ్ నర్సు పోస్టులు, కస్తూర్బా విద్యాలయాల్లో ఏఎన్ఎం పోస్టులు కూడా ఉంటాయి గానీ వాటి గురించి ఎవరూ అంతగా ఆరా తీయరు.

నేర్చుకోవడం సంగతికి వస్తే, ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీని మించిన బడి లేదు. వానాకాలంలో వరి నాట్ల రోజుల్లో పాము కాటు కేసు వస్తుంది, ఏ పామో ఎవరికీ తెలియదు. శుభ్రమైన గాజు నాళికలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా నిలబెట్టి, గడియారం చూసుకుని ఇరవై నిమిషాల తరువాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం నీళ్లలా జారితే రక్తపింజర లాంటి పాము విషం రక్తంలోకి ఎక్కిందని గ్రహించి వైద్యుణ్ని కేకేసి విరుగుడు మందు సిద్ధం చేయాలి. ప్లాస్టిక్ గొట్టంలో ఈ పరీక్ష చేయకూడదు, ముందు సబ్బుతో కడిగిన నాళిక కూడా పనికిరాదు, ఫలితం తప్పుతుంది. ఆ ఇరవై నిమిషాలూ నాళికను ఎవరూ తాకకుండా కాపలా కాయడం, ‘ఇంకా ఇంజెక్షన్ ఇవ్వరేం’ అని అరిచే బంధువులను ఊరుకోబెట్టడం కూడా నర్సు పనే. కార్పొరేటు ఆసుపత్రి ఐసీయూలో యంత్రాల ముందు ఏళ్ల తరబడి పనిచేసినా ఈ తెలివి రాదు.

కాన్పుల మీద ఆసక్తి ఉన్నవారికి ఇంకొక దారి ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో సర్వీసులో ఉన్న స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే) శిక్షణ మొదలుపెట్టింది. ఆ శిక్షణ పొందినవారు సహజ కాన్పులను సొంతంగా నడిపించగలరు. సిజేరియన్లు ఇంతగా పెరిగిన చోట అలాంటి నర్సుకు ఉండే గౌరవం వేరు.

రైన్ నది

నేను కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చి జర్మనీలో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. విదేశాల మాట ఇక్కడ అవసరమా అని కొందరు అనుకోవచ్చు గానీ, చిన్న పట్టణంలో చదివినవారికే ఈ జాగ్రత్తలు ఎక్కువ అవసరం. జర్మనీకి రావాలంటే జర్మన్ భాష బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి) దాకా నేర్చుకోవాలి, చదువుకు ఇక్కడి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగానే పనిచేయాలి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వచ్చేవారు ఉన్నారు, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ ఉంది. ఏజెంటుకు లక్షలు పోసే ముందు ఆ తలుపులు తట్టడం మంచిది.

గల్ఫ్‌కు వెళ్లిన నా స్నేహితురాలి విషయం చెప్పాలి. అక్కడి లైసెన్సు పరీక్షకు ముందు డేటాఫ్లో అనే సంస్థ చదువునూ అనుభవాన్నీ ఆసుపత్రికే రాసి సరిచూస్తుంది. ఆమె పనిచేసిన నర్సింగ్ హోము అప్పటికే మూతపడింది. జవాబిచ్చేవారు లేక ఆ అనుభవం ధ్రువపడలేదు, మళ్లీ హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో మొదటినుంచి రెండేళ్లు పూర్తి చేయవలసి వచ్చింది. ఉత్తరానికి జవాబిచ్చే కార్యాలయం ఉన్న ఆసుపత్రిలో పనిచేయడం కూడా ఒక అర్హతే అని అప్పుడు తెలిసింది.

ఇక్కడ నేను ఉండే ఊరు వనపర్తి కన్నా చిన్నది. ఇల్లు విడిచి ఇంత దూరం వచ్చి చివరికి పల్లెలోనే తేలానని మా అమ్మ నవ్వుతుంది.

కృష్ణాతీరం

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి మా నాన్నకు ఇవన్నీ చదివి వినిపించాను. జోన్ సంగతి విన్నాక ఆయన కొంత మెత్తబడి, చదువయ్యాక రెండేళ్లు హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో పనిచేయవలసి వస్తే చూద్దాంలే అన్నారు. చెల్లెలు బీఎస్సీ వైపే ఉంది. ముప్ఫై పడకలు గారూ, మీరు దాచకుండా లెక్క చెప్పినందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఒక ప్రశ్న మాత్రం మిగిలింది: చదువయ్యాక ఏ ప్రైవేటు ఆసుపత్రిలో చేరినా, చేరే రోజున ఏమేమి అడిగి తీసుకోవాలి?

ముప్ఫై పడకలు

యజమానిగా నేనే చెబుతాను. ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌లో ఎన్ని పడకలు చూపారో అడగండి, బోర్డు మీద రాసినదాన్ని నమ్మకండి. చేరిన తేదీ, హోదా, జీతం రాసిన నియామక పత్రం తీసుకోండి. జీతం బ్యాంకు ఖాతాలో వేయమనండి. సర్టిఫికెట్లు చూపించండి, నకళ్లు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఇవి అడిగినందుకు ఉద్యోగం ఇవ్వనన్న ఆసుపత్రిలో ఎలాగూ చేరకూడదు.

తెల్లకోటు

దీనికి ఒకటి కలుపుతాను. ఫలితాలు రాగానే మొదట రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ తరువాతే ఉద్యోగంలో చేరాలి. రిజిస్ట్రేషన్ రాకముందు చేసిన నెలలను నర్సు అనుభవంగా చాలాచోట్ల ఒప్పుకోరు.

పాఠాల టీచరు

కృష్ణాతీరం గారూ, అవన్నీ నాలుగేళ్ల తరువాతి మాటలు, కౌన్సెలింగ్ మాత్రం ముందే వస్తుంది. కళాశాలలు చూడడానికి వెళ్లినప్పుడు కార్యాలయంలో కూర్చుని బ్రోచరు చదవకండి. ఉదయం ఎనిమిది గంటల లోపే వెళ్లి, రెండో ఏడాది విద్యార్థినులు యూనిఫాం వేసుకుని క్లినికల్ పోస్టింగుకు బయలుదేరుతున్నారో లేదో చూడండి. ఏ ఆసుపత్రికి వెళుతున్నారు, ఈ నెలలో ఏ వార్డులో ఉన్నారు, లేబర్ రూములో ఇప్పటిదాకా ఎన్ని కాన్పులు చూశారు అని వారినే అడగండి. గబగబా జవాబు చెప్పే పిల్లలున్న కళాశాల పేరును మీ చెల్లెలి ఆప్షన్లలో పైన పెట్టండి.